తెర వెనక నుంచి ఒక ఉత్తరం

రాజమహేంద్రవరం,
ఏప్రిల్ 16

చిరంజీవి అమ్మడుకి,

  ఎండలు ముదిరాయి. నువ్వు మధ్యాహ్నం పూట సైటు మీద తిరుగుతున్నావని మీ అమ్మ చెప్పింది. నెత్తిన గుడ్డ లేకుండా వెళ్లకు, మజ్జిగ సీసా దగ్గర పెట్టుకో.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ ఊరి పాత టౌన్‌హాలు బాగుచేసే ప్లాను మీ మావయ్య చేత పెద్ద కాగితం మీద తీయించుకుని చూశాను. "వచ్చే నెల ఎస్టిమేటు పెట్టాలి, నీకేం తోస్తే అది చెప్పు అమ్మమ్మా" అన్నావు కదా. ఫోనులో చెప్పబోతే నీకు మధ్యలో కాంట్రాక్టరు ఫోను వస్తుంది, నాకు చెప్పవలసింది కాస్తా ఎగిరిపోతుంది. అందుకని కాగితం పట్టుకున్నాను. దానికితోడు ఇవాళ కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు. తెలుగు నాటకరంగ దినోత్సవమని జరిపేది కూడా ఈ రోజునే. విగ్రహానికి దండలు వేసేవాళ్లు వేస్తారు, ఉపన్యాసాలు చెప్పేవాళ్లు చెబుతారు. నేను మాత్రం ఆయన్ని నీ ఎస్టిమేటులోకి లాక్కొస్తాను, ఉండు.

ముందు ప్లాను సంగతి. మొదటి వరసలో సోఫాలు, వాటి ముందు టీపాయిలు. హాలంతా ఏసీ, పైన ఫాల్స్ సీలింగు. స్టేజీ మీద నున్నటి గ్రానైటు. గుమ్మానికి గాజు తలుపులు, మీద లైట్లతో పేరు. చూడముచ్చటగానే ఉంది. స్టేజీ వెనక మాత్రం గోడకీ ప్రహరీకీ మధ్య ఒక సందు, ఆ సందులో జనరేటరు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ వెతికినా ఆ కాగితం మీద నేను నిలబడే చోటు నాకు దొరకలేదు. నేనంటే వేషం కట్టే మనిషి. శాలువా కప్పించుకునేవాళ్లకి కావలసినవన్నీ ఉన్నాయి. ఆడేవాళ్లకి, పాడేవాళ్లకి, వాళ్ల పెట్టెలు మోసుకొచ్చేవాళ్లకి ఏమీ లేదు. నేను చెప్పదలుచుకున్నది ఒకటే ముక్క: హాలుని తెర వెనక నుంచి మొదలెట్టి ముందుకి కట్టుకుంటూ రా. డబ్బు చాలకపోతే గుమ్మం దగ్గర ఆపెయ్. ఎందుకు ఇలా అంటున్నానో ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

1880లో ధార్వాడ నాటక సమాజంవాళ్లు మా ఊరొచ్చారు. పాకలు వేసుకుని ఆడారు, వెళ్లిపోయారు. పాకలు అలాగే వదిలేశారు. వీరేశలింగం గారు అప్పటికి ముప్పై రెండేళ్ల తెలుగు పండితుడు. వాళ్లు వదిలేసిన ఆ పాకల్లోనే తన విద్యార్థుల చేత ‘చమత్కార రత్నావళి’ ఆడించారు. షేక్స్‌పియరు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కి ఆయన చేసిన తెలుగు అది. చూశావా, తెలుగు నాటకం మొదటి అడుగులు వేసింది ఇంకొకళ్లు కట్టుకుని వదిలేసి పోయిన పందిట్లో. దానికంటూ సొంత చోటు లేదు.

ఆ మరుసటేడు, 1881 డిసెంబరు 11న, ఆయన మా ఊళ్లోనే మొదటి వితంతు వివాహం చేయించారు. దాని మీద ఎంత రభస జరిగిందో నీకు స్కూల్లో ఒక పేరాలో చెప్పి వదిలేసి ఉంటారు. పెళ్లి చేసినవాళ్లని, పెళ్లికి వెళ్లినవాళ్లని వెలివేస్తామన్నారు. ఊళ్లో సగం మంది మాటలు మానేశారు. అలాంటప్పుడు ఒక మాట నలుగురి ముందు చెప్పాలంటే ఎక్కడ చెబుతావు? గుడి మండపంలో చెప్పనివ్వరు. బడి గదిలో అయితే సర్కారు దయ ఉండాలి. పెద్దమనిషి ఇంటి వసారాలో అయితే ఆయన మొహం చూసి మాట్లాడాలి. ఎవరి చోటో అయితే వాళ్లకి నచ్చిన మాటే చెల్లుతుంది. ఆ ఇబ్బంది అనుభవించిన మనిషి గనకే 1890లో తన డబ్బు పెట్టి టౌన్‌హాలు కట్టించారు. ఆయన జమీందారు కాదు, పంతులుగారు. పుస్తకాలు రాసి, అచ్చువేసి సంపాదించుకున్నవాడు. తెలుగుదేశంలో ఇదే మొదటి టౌన్‌హాలని మా ఊరివాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. మొదటిదా రెండోదా అన్నదాని కన్నా నాకు పెద్దగా కనబడేది వేరే ఉంది. పాకలో నాటకానికీ ఈ హాలుకీ మధ్య పదేళ్లే. ఆ పదేళ్లలో ఆయనకి చోటు లేకపోవడమంటే ఏమిటో పూర్తిగా తెలిసొచ్చింది.

ఆ కాలంలోనే ఈ ఊళ్లో ఇంకో సందడి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారని ఒక మాస్టారు. ఆయనకి నాటకాల పిచ్చి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి చేత నాటకాలు రాయించి ఆడించేవారు. 1889లో ‘కీచకవధ’, దాని తర్వాత ‘గయోపాఖ్యానం’. ఆ గయోపాఖ్యానం లక్ష ప్రతులు అమ్ముడైందని చెబుతారు. చిలకమర్తి గారికి రేచీకటి. దీపాలు పెట్టాక ఆడే నాటకాలు రాసిన మనిషికి దీపాలు పెట్టే వేళకే చూపు ఆనేది కాదు. వాటిలో వేషాలు వేసిన కుర్రాళ్లలో ఒంగోలు నుంచి ఈ మాస్టారి వెంట వచ్చినవాడొకడు ఉన్నాడు, ఆడవేషాలు కూడా కట్టాడు. ఆ కుర్రాడే టంగుటూరి ప్రకాశం. తర్వాత ఇదే ఊరికి మునిసిపల్ చైర్మన్ అయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రీ అయ్యారు. మీ మునిసిపాలిటీలో ఎవరైనా "నాటకాలవాళ్లకి అన్ని సౌకర్యాలెందుకండీ" అంటే ఈ మాట చల్లగా అను. స్టేజీ మీద మీసం గీయించుకుని చీర కట్టిన కుర్రాడే రేపొద్దున్న వాళ్ల కుర్చీలో కూర్చోవచ్చు.

ఇలాంటి కథలు మా ఊరికే ఉన్నాయనుకోకు. విజయనగరంలో 1892లో జగన్నాథ విలాసినీ సభ ‘కన్యాశుల్కం’ ఆడింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారిది సరస వినోదినీ సభ. తెనాలిలో శ్రీరామ విలాస సభ. బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు గారు ఆ సభలో సత్యభామ వేషం కడితే ఆడవాళ్లు ఆ నడక చూసి నేర్చుకున్నారని మా అమ్మ చెప్పేది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది కూడా తెనాలిలోనే, 1929లో. ఇవేవీ మహానగరాలు కావు. గట్టిగా కేకేస్తే ఈ చివర నుంచి ఆ చివరకి వినబడే ఊళ్లు. అక్కడ పుట్టబట్టే తెలుగు నాటకం బతికింది.

మరి సినిమా వచ్చి నాటకాన్ని చంపేసిందంటారు చూడు, అది సగమే నిజం. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కి కథ, నటులు నాటకాల నుంచే వచ్చారు. అందులో లీలావతి వేసిన కమలాబాయి సురభి నాటకాల కుటుంబం ఆవిడ. సినిమా పట్టుకుపోయింది నాటకం ఆడే చోట్లని. రేకుల షెడ్డు వేసి నాటకాలకి అద్దెకిచ్చుకునేవాళ్లు దానికి ఒక మిషను తగిలిస్తే రోజూ డబ్బే కదా అనుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. అప్పుడు నాటకానికి మిగిలినవి రెండు. ఒకటి తిరునాళ్ల పందిరి, రెండోది ఊరి టౌన్‌హాలు. టౌన్‌హాలు అనేది ఎవరి లాభానికీ కట్టింది కాదు గనక దానిలో అద్దె తక్కువ. నాబోటివాళ్లం ఆ తక్కువ అద్దె మీదే బతికాం.

హాలు వాడకం మూడు రకాలుగా నా కళ్లముందే మారింది. ఒక్కొక్కటీ హాలుని ఒక్కో రకంగా అడుగుతుంది. ఇంజనీరువి గనక ఇది జాగ్రత్తగా చదువు.

మొదటిది పద్యనాటకం. రాత్రి భోజనాలయ్యాక మొదలెడితే కోడి కూసేదాకా. కాంట్రాక్టరు ఒక్కో సమాజం నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి కట్టుకొచ్చేవాడు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు. రాయబారం సీనుకి ఒకాయన, పడకసీనుకి ఇంకొకాయన. పీసపాటి నరసింహమూర్తి గారు, షణ్ముఖి ఆంజనేయరాజు గారు వస్తున్నారంటే పక్క ఊళ్ల నుంచి ఎడ్లబళ్లు కట్టుకొచ్చేవారు. పద్యం చివర రాగం తీసి దించగానే "వన్స్ మోర్" అని కేకలు. హార్మోనియం ఆయన స్టేజీకి దిగువన ఒక పక్కన కూర్చుని నటుడి పెదాలు చూస్తూ శ్రుతి పట్టుకునేవాడు. ఆయనకి నటుడు, నటుడికి ఆయన కనబడాలి. ఇప్పుడు అన్ని హాళ్లలోనూ ఆ మూలన స్పీకరు పెట్టి హార్మోనిస్టుని స్తంభం వెనక్కి తోస్తున్నారు. ఎత్తయిన పైకప్పు, పైన గాలి కిటికీలు, సున్నం గోడలు ఉన్న పాత హాళ్లలో మైకు చెడినా పద్యం చివరి బెంచీ దాకా వెళ్లేది. నువ్వు ఆ కప్పుకి అడ్డంగా ఫాల్స్ సీలింగు వేస్తానంటున్నావు. వేసే ముందు ఒక పని చెయ్యి. హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు ఆపించి, పాడేవాళ్లనెవరినైనా స్టేజీ మీద నిలబెట్టి పద్యం పాడించు. నువ్వు ఆఖరి వరసలో కూర్చుని విను. ఆ మాటలు నీకు స్పష్టంగా అందితే ఆ కప్పు జోలికి వెళ్లకు, చెదలు పట్టిన దూలాలు మార్చి వదిలెయ్.

రెండోది పరిషత్తు నాటిక. నా జీవితమంతా దీనిలోనే గడిచింది. పోటీలు. మూడు రోజులో, నాలుగు రోజులో, రోజుకి మూడు నాలుగు నాటికలు. ఒక్కోటి గంట లోపు. ఒక సమాజం దిగగానే ఇంకో సమాజం ఎక్కాలి. ప్లైవుడ్డు గోడలు, తలుపు చట్రం, నులకమంచం, తులసికోట, అన్నీ లారీలో వస్తాయి. తెర పడిన పావుగంటలో పాత ఇల్లు విప్పి కొత్త ఇల్లు కట్టాలి. స్టేజీకి రెండు పక్కలా చోటు లేకపోతే విప్పిన ఇల్లు ఎక్కడ పెడతారు? ఎండలోనో వానలోనో. అందుకే చెబుతున్నా, అటూ ఇటూ స్టేజీ వెడల్పులో సగమైనా వింగ్స్ వదులు. వెనక గోడ నుంచి లారీ నేరుగా ఆనుకునేలా ఒక పెద్ద తలుపు పెట్టు. హాలు మధ్య నుంచి మంచాలూ బీరువాలూ మోయించకు. మోసేవాళ్లకి నడుములు పోతాయి, నీ కుర్చీలకి చేతులు విరుగుతాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఊరి పేరు అక్కర్లేదు. బయట రంగుల సీరియల్ బల్బులు, పెద్ద స్వాగత ద్వారం, మంత్రిగారి కటౌటు. మాకు ఇచ్చింది స్టేజీ వెనక ఒక వరండా. మగవాళ్లు అటు, ఆడవాళ్లం ఇటు. గోడ లేదు, తలుపు లేదు. నాకు మొదటి సీనులో కూలి మనిషి వేషం, మూడో సీనుకి విధవరాలి తెల్లచీర. మధ్యలో రెండు నిమిషాలు. మా సమాజంలోని ఇద్దరు పిల్లలు నా పాత చీర చెరో కొస పట్టుకుని నిలబడితే దాని వెనక కట్టుకున్నాను. గాలికి చీర ఎగిరినప్పుడల్లా చిన్నది మోకాలితో అదిమి పట్టుకునేది. బాత్‌రూము రోడ్డవతల హోటల్లో. నాటకాల రోజు సాయంత్రం నుంచి మంచినీళ్లు తాగడం మానేసేవాళ్లం, లేచి వెళ్లాల్సి వస్తుందని. గొంతు ఎండిపోయి డైలాగు చీలితే న్యాయనిర్ణేతలు "వాచికం బలహీనం" అని మార్కులు తగ్గించేవారు. మా వాచికానికేం, మరుగుదొడ్డి లేక పోయింది!

నవ్వుకో గానీ, పరిషత్తు నాటకాల్లో ఆడపిల్లలు ఎందుకు తగ్గిపోయారని సభలు పెట్టి మాట్లాడుకుంటూ ఉంటారే, ఆ సభల్లో ఎవరూ ఈ మాట అనరు. స్థానం వారి కాలంలో ఆడవాళ్లు స్టేజీ ఎక్కకూడదన్నారు. మా కాలానికి ఎక్కవచ్చన్నారు, కానీ చీర మార్చుకునే చోటు మాత్రం ఎవరూ కట్టలేదు. నీ ఎస్టిమేటులో మొదటి అంశంగా ఇది రాయి: లోపల గడియ పడే రెండు గ్రీన్‌రూములు, ఆడవాళ్లకి ఒకటి, మగవాళ్లకి ఒకటి. ఒక్కోదానిలో నీళ్లొచ్చే బాత్‌రూము. గోడకి పొడవాటి అద్దం, అద్దం చుట్టూ బల్బులు, చీరలు తగిలించే కొయ్యలు, గోడవారన సామాను పెట్టెలు పెట్టుకునే అరుగు. స్టేజీకి కుడి నుంచి ఎడమకి ప్రేక్షకులకి కనబడకుండా దాటే దారి. ఆ దారి లేకపోతే ఎడమ పక్క నిష్క్రమించిన నటుడు కుడి పక్క ప్రవేశించడానికి హాలు చుట్టూ పరిగెత్తాలి. చీకట్లో కాలువలో పడినవాళ్లు ఉన్నారు.

మూడో వాడకం ఇప్పటిది. డాన్సు స్కూళ్ల వార్షికోత్సవాలు, సన్మాన సభలు, పుస్తకావిష్కరణలు, పెళ్లిళ్లు, చీరల ఎగ్జిబిషన్లు. కూచిపూడి పిల్లలకి గ్రానైటు పనికిరాదు. జారుతుంది, దానికి తోడు ఆ రాయి మీద అడుగు వేస్తే దెబ్బంతా మోకాలికే. కింద దూలాలు పెట్టి వాటి మీద చెక్క వేయించు. చెక్క కాస్త లొంగుతుంది, గజ్జెల చప్పుడూ మెత్తగా పలుకుతుంది. స్టేజీ మూడడుగుల పైన ఎత్తు చెయ్యకు. గంభీరంగా ఉంటుందని ఐదడుగులు కడతారు, తీరా చూస్తే ముందు వరసవాళ్లకి నర్తకి పాదాలు కనబడవు. తరంగం చేస్తూ పళ్లెం అంచుల మీద పిల్ల నిలబడితే ఆ పళ్లెం కనబడకపోయాక ఇంక చూసేదేముంది?

నాటకానికి ఏమేం కావాలో తెలియాలంటే ఒకసారి సురభివాళ్ల డేరా వెనక్కి వెళ్లి చూడు. 1885లో కడప జిల్లా సురభిలో ‘కీచకవధ’తో మొదలెట్టారు. వనారస గోవిందరావు గారు పెద్దదిక్కు. కుటుంబానికి కుటుంబం స్టేజీ మీదే పెరిగింది, మిగతాచోట్ల మగవాళ్లు చీరలు కడుతున్న కాలంలోనే వాళ్ల ఆడవాళ్లు ఆడవేషాలు వేశారు. ఎవరి హాలు కోసమూ కాచుకోలేదు, తమ హాలుని తామే లారీల మీద మోసుకెళ్లారు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి మాయలకి, ‘పాతాళభైరవి’ మంటలకి పైన ఎన్ని తాళ్లు, ఎన్ని కప్పీలు, ఎంతమంది మనుషులు ఉంటారో అక్కడ తెలుస్తుంది. ముందు నుంచి చూసేవాళ్లకి అది ఇంద్రజాలం. వెనక నుంచి చూస్తే నీలాంటి ఇంజనీరు పనే. నీ స్టేజీ మీద పైన బరువు మోసే ఇనప పైపులు నాలుగైదు అడ్డంగా వేయించు. లైట్లు, తెరలు, పై నుంచి దించే మైకులు అన్నీ వాటికే. ఎంత బరువు ఆగుతుందో గోడ మీద పెయింటుతో రాయించు. లైట్లకి వేరే త్రీఫేజ్ లైను, దానికి వేరే బ్రేకరు. లేకపోతే లైట్లవాడు వైరు తీసుకెళ్లి మెయిన్ బోర్డుకి తగిలిస్తాడు, హీరో చచ్చిపోయే సీనులో ఊరంతా చీకటి అవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదమూ జరగవచ్చు. తెరలూ ప్లైవుడ్డూ ఉన్న చోట వెనక నుంచి బయటికి ఇంకో దారి తప్పనిసరి.

ఇప్పుడు డబ్బు మాట. "నాటకాలతో హాలు నడవదండీ, ఫంక్షన్ హాలు చేసేద్దాం" అని మీ కౌన్సిల్లో అంటారు. అనకపోతే ఆశ్చర్యపోవాలి. నేను పెళ్లిళ్లకి ఇవ్వొద్దని చెప్పను. పెళ్లివాళ్ల అద్దెతోనే కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం వెళతాయి. అయితే పంచాంగం తీసి చూడు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. భాద్రపదంలో లేవు. పుష్యంలో లేవు. మూఢాలు వస్తే ఇంకా కొన్ని వారాలు ఖాళీ. అలా ఏటా ఎన్నో రోజులు హాలుకి తాళం వేసి ఉంటుంది. ఆ రోజుల్ని ఊరి కళాకారులకి నామమాత్రపు అద్దెకి రిహార్సల్సుకి రాసి ఇచ్చేయించు. ఖాళీ హాలు నుంచి మునిసిపాలిటీకి వచ్చేదేమీ లేదు, కాబట్టి పోయేదీ లేదు. మంచి నెలల్లో కూడా కనీసం రెండు శనివారాలు పెళ్లిళ్లకి ఇవ్వకూడదని తీర్మానం చేయిస్తే, రెండేళ్లలో ఊరికి ఆ శనివారాలు అలవాటవుతాయి. ప్రేక్షకులు పోస్టరు చూసి వస్తారనుకుంటారు, నిజానికి అలవాటు కొద్దీ వస్తారు. ఇంకొకటి: ఆషాఢం అంటే వానాకాలం. కప్పు మీద రేకులుంటే వాన పడ్డప్పుడు ఎంత గొంతున్న నటుడైనా నోరు మూసుకోవాల్సిందే. రేకుల కింద చప్పుడు ఆపే పొర ఒకటి వెయ్యక తప్పదు. దానికయ్యే ఖర్చు సోఫాల పద్దులోంచి తీయి.

తాళం సంగతి కూడా చెబుతాను, ఇది ప్లానులో కనబడని విషయం. చాలా ఊళ్లలో హాలు బాగానే ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. గుమాస్తాని అడిగితే మేనేజరు, మేనేజరుని అడిగితే కమిషనరు, చివరికి ఒక వార్డు మెంబరుగారి ఫోను. ఆయన మనవాడైతే దొరుకుతుంది. ఇలా అయితే వీరేశలింగం గారికి ముందు రోజులకీ మనకీ తేడా ఏముంది? మళ్లీ ఎవరి వసారాలోనో నిలబడ్డట్టే కదా. బుకింగు పుస్తకం ఎవరైనా తిరగేసి చూసుకునేలా కిటికీ దగ్గర ఉండాలి. అద్దె పట్టిక గోడ మీద ఉండాలి, ముందొచ్చినవాళ్లకి ముందు. ఇవ్వమంటే ఎందుకు ఇవ్వమో కాగితం మీద రాసి సంతకం పెట్టి చెప్పాలి. సంతకం అనేసరికి చాలామందికి అభ్యంతరాలు కరిగిపోతాయి.

నాటకం నచ్చకపోవడమనేది ఎప్పుడూ ఉన్నదే. 1947లో ప్రజానాట్యమండలి ‘మా భూమి’ ఆడితే ఊరూరా జనం విరగబడి చూశారు, సర్కారుకి కన్నెర్రయింది, నిషేధించారు. ‘చింతామణి’ని 2022లో మన ప్రభుత్వం ఆడకూడదంది. నేను ఆ నాటకంలో వేషం వేసినదాన్ని గనక నాకు రెండువైపులా తెలుసు. కాళ్లకూరి నారాయణరావు గారు వరకట్నం మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’, వేశ్యాలంపటం మీద ‘చింతామణి’ రాసిన సంస్కర్త. తర్వాతివాళ్లు చప్పట్ల కోసం అందులోని సుబ్బిశెట్టి పాత్ర నోట మోటు మాటలు దూర్చారు. ఆ మాటలకి ఒక కులంవాళ్లు నొచ్చుకోవడంలో తప్పు లేదు. దూర్చిన చెత్త ఏరేయమంటే నేనూ చీపురు పట్టుకుని వస్తాను. పుస్తకాన్నే పెట్టెలో పెట్టి తాళం వేస్తానంటే మాత్రం ఒప్పుకోను. ఇలాంటివి ప్రభుత్వం, కోర్టులు తేల్చుకుంటాయి. హాలు గుమాస్తా తేల్చకూడదు. ఆయన పని తేదీ ఖాళీగా ఉందా, అద్దె కట్టారా అని చూడటం వరకే.

చాలా రాశాను, చెయ్యి లాగుతోంది. నీ పైవాళ్లు ఏసీ, సోఫాలు, గాజు తలుపులే ముందు కావాలంటే గొడవపడకు. రెండు దశలుగా ఎస్టిమేటు వెయ్యి. మొదటి దశలో గ్రీన్‌రూములు, బాత్‌రూములు, వింగ్స్, చెక్క స్టేజీ, కరెంటు లైను, కప్పు, వీల్‌చైరు ఎక్కే వాలు. రెండో దశలో మిగతావి. డబ్బు ఎప్పుడూ మొదటి దశకే వస్తుందని నీకు నాకన్నా బాగా తెలుసు. ఫ్యాన్ల కింద చెక్క కుర్చీల్లో కూర్చుని నాటకం చూడొచ్చు, మేమంతా అలాగే చూశాం. తలుపు లేని గ్రీన్‌రూములో మాత్రం నీ ఈడు పిల్ల వేషం మార్చుకోలేదు. ఆ పిల్ల రాకపోతే నీ సోఫాలో కూర్చున్నవాళ్లకి చూడ్డానికి మిగిలేది ఒకరికొకరు కప్పుకునే శాలువాలే.

ప్రారంభోత్సవానికి నన్ను పిలవకు. పిలిస్తే స్టేజీ ఎక్కించి, పూలబొకే చేతిలో పెట్టి, మైకు ముందు నిలబెడతారు. ఊరి పిల్లలు సొంతంగా మొదటి నాటిక వేసిన రోజున కబురు చెయ్యి. టిక్కెట్టు పెట్టమని చెప్పు, కొనుక్కుని వస్తాను. వచ్చాక ముందు నీ గ్రీన్‌రూము గడియ పడుతోందో లేదో చూసి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చుంటాను.

మీ ఆయనకి, పిల్లాడికి నా ఆశీస్సులు. కొత్త ఆవకాయ పెట్టాను, జాడీ మీ మావయ్య చేతికిచ్చి పంపుతున్నాను.

ఇట్లు,
నీ అమ్మమ్మ